కోడు అందరిదీ, పేరు ఒక్కరిది

పూర్వం మన ఊళ్ళలో పెద్ద చెరువులకు నీరటి అని ఒకడుండేవాడు. చెరువు ఊరందరిదీ. దాని కింద మాగాణి ఎవరిది వారిది. తూము ఎప్పుడెత్తాలి, ఏ మడికి ఎంతసేపు నీరు పారాలి అన్నది మాత్రం నీరటి చేతిలో ఉండేది. అతడు మంచాన పడితే చెరువు నిండుగా ఉండగానే చేలు ఎండిపోయే ప్రమాదం. అతణ్ణి అడగకుండా ఎవరైనా తూమెత్తితే ఊళ్ళో తగవు. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ చరిత్ర చదివినప్పుడల్లా నాకు ఆ నీరటే గుర్తుకొస్తాడు.

ఓపెన్ సోర్స్ లైసెన్సు ఏది తీసుకున్నా చెప్పేది ఒకటే: ఈ కోడును ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పంచిపెట్టవచ్చు. ఇందులో దాపరికం లేదు. అయితే ఆ కోడుకు ఒక పేరుంటుంది. "ఆ పేరుగల ప్యాకేజీకి కొత్త కూర్పు వచ్చిందా?" అని లక్షలాది కంప్యూటర్లు రోజూ ఒక చోట ఆరా తీస్తుంటాయి. ఆ పేరు మీద కొత్త కూర్పును అక్కడ పెట్టగలిగే తాళంచెవి ఒకరిద్దరి దగ్గరే ఉంటుంది. వారిని మెయింటైనర్లు అంటారు. నేనీ టపాలో సంరక్షకుడు అని వాడుతున్నాను. ఇంతకన్నా నప్పే తెలుగు మాట మీకెవరికైనా తోస్తే సంతోషంగా స్వీకరిస్తాను. ఆ సంరక్షకుడు పలకడం మానేస్తే ఏం చేయాలి? ఈ ప్రశ్నకు గత ముప్ఫై ఏళ్ళలో ఎవరెవరు ఏయే జవాబులు చెప్పుకున్నారో, ఆ జవాబులు ఎక్కడ బెడిసికొట్టాయో చూద్దాం.

మొదటి జవాబు చాలా పెద్దమనిషి తరహాగా ఉండేది. 1996లో ఎరిక్ రేమండ్ తన ఉత్తరాలను దూరపు సర్వరు నుండి ఇంటి కంప్యూటరుకు దించుకోవడానికి సరైన ప్రోగ్రాము కోసం వెతుకుతూ, కార్ల్ హ్యారిస్ రాసిన పాప్‌క్లయింట్‌ను పట్టుకున్నాడు. దానిలో మార్పులు చేసి పంపితే, హ్యారిస్‌కు అప్పటికే ఆ పని మీద ఆసక్తి పోయిందని తెలిసింది. నువ్వే చూసుకో అని అప్పగించేశాడు. అదే ఆ తరువాత ఫెచ్‌మెయిల్ అయింది. ఆ అనుభవాన్ని ఆధారం చేసుకొని రేమండ్ 1997లో "ది కెథీడ్రల్ అండ్ ది బజార్" అనే ప్రసిద్ధ వ్యాసం రాశాడు. ఒక ప్రోగ్రాము మీద మనసు విరిగినప్పుడు దాన్ని సమర్థుడైన వారసుడి చేతిలో పెట్టడమే దాని పట్ల మన ఆఖరి బాధ్యత అన్నది అందులో ఆయన చెప్పిన సూత్రాల్లో ఒకటి. కన్యాదానం వంటి వ్యవహారమన్నమాట. ఆ మాట మీద నిలబడి కొన్నేళ్ళ తరువాత ఆయన కూడా ఫెచ్‌మెయిల్‌ను వేరేవారికి అప్పగించాడు.

హ్యారిస్ పలికాడు కాబట్టి సరిపోయింది. పలకకపోతే? 1998లో రాసిన మరో వ్యాసంలో రేమండ్ ఆ సంగతీ ఎత్తుకున్నాడు. అప్పటికి ప్రోగ్రామర్ల మధ్య రాతకోతల్లేకుండా నడుస్తున్న ఆచారాన్ని ఆయన నమోదు చేశాడు. యజమానిని వెతకడానికి మనస్ఫూర్తిగా ప్రయత్నించాలి. దొరక్కపోతే, ఇది అనాథగా కనబడుతోంది, నేను చేపట్టాలనుకుంటున్నాను అని నలుగురూ ఉండే చోట చాటాలి. చాటిన తరువాత కొంతకాలం ఆగాలి. ఎవరూ అభ్యంతరం చెప్పకపోతేనే చేపట్టాలి. దీన్ని ఆయన పడావు పడిన భూమి మీద హక్కు ఎలా ఏర్పడుతుందన్న పాత ఆంగ్ల న్యాయభావనలతో పోల్చాడు. దండోరా వేయించి గడువు పెట్టడం మనకూ కొత్త కాదు.

ఇదంతా చిన్న ప్రోగ్రాముల సంగతి. పెద్దవాటి విషయంలో తగవులు పెద్దవిగానే జరిగాయి. గ్నూ సంస్థవారి సి కంపైలరు, అంటే జీసీసీ, 1990ల మధ్యకాలానికి అందరికీ కావలసిన వస్తువైంది. దాని సంరక్షకులు మాయమైపోలేదు, ఉన్నారు. అయితే బయటివారు పంపిన మార్పులు లోపలికి చేరడానికి విపరీతమైన జాప్యం జరిగేది. చివరికి 1997లో కొందరు ఆ కోడును పట్టుకొని ఈజీసీఎస్ అనే పేరుతో వేరు కుంపటి పెట్టారు. రెండేళ్ళు తిరక్కుండానే కొత్త కుంపటి మీద వంట బాగా ఉడుకుతోందని అందరికీ అర్థమైంది. 1999 ఏప్రిల్‌లో పాత సంస్థే ఈజీసీఎస్‌ను అధికారిక జీసీసీగా గుర్తించింది. వేరుపడ్డవారు పాత పేరుతోనే ఇంటికి తిరిగివచ్చారు. చీలిక ఇంత శుభంగా ముగియడం అరుదు. అసలు చీలడానికే ఒక సైన్యం కావాలి. నాలుగొందల పంక్తుల చిన్న ప్యాకేజీ కోసం ఎవరు సైన్యాన్ని కూడగడతారు?

ఆ చిన్నవాటి గురించి అందరికన్నా ఓపికగా ఆలోచించింది డెబియన్‌వారని నా అభిప్రాయం. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన ఈ లినక్స్ పంపిణీలో ఇప్పుడు పదివేలకొద్దీ ప్యాకేజీలున్నాయి. ప్రతిదానికీ ఒక సంరక్షకుడో ఒక బృందమో ఉంటుంది. అందరూ స్వచ్ఛందంగా చేసేవారే. స్వచ్ఛంద సేవకుడికి పెళ్ళవుతుంది, ఉద్యోగం మారుతుంది, జబ్బు చేస్తుంది, విసుగొస్తుంది, కొన్నిసార్లు ప్రాణమే పోతుంది. వీటిలో ఏది జరిగినా బయటికి కనబడేది మాత్రం ఒక్కటే: జవాబు రాకపోవడం. డెబియన్‌వారు ఆ మౌనాన్ని నేరంగా చూడలేదు. వానలూ ఎండలూ వచ్చినట్టే ఇదీ వస్తుందనుకొని, దానికి తగిన ఏర్పాట్లు చేసుకున్నారు.

వాటిలో నాకు బాగా నచ్చింది ఎన్ఎంయూ అనే ఏర్పాటు. సంరక్షకుడు కానివాడు చేసే మరమ్మతు అని దాని అర్థం. ఒక ప్యాకేజీలో తీవ్రమైన దోషముంది, సంరక్షకుడు పలకడం లేదు అనుకోండి. డెబియన్‌లో హక్కున్న మరో సభ్యుడు ఆ దోషాన్ని సరిదిద్ది కొత్త కూర్పును తానే ఎక్కించవచ్చు. అయితే ఇంటికొచ్చిన చుట్టం పాటించవలసిన మర్యాదలు కొన్నున్నాయి. చెడిన తలుపుగొళ్ళెం బాగుచేయాలే కాని గోడలకు తన ఇష్టమైన రంగు వేయకూడదు. ఏం మార్చాడో సంరక్షకుడికి తెలియజేయాలి. పని మరీ అత్యవసరం కాకపోతే, కొన్ని రోజులు ఆలస్యంగా లోపలికి వెళ్ళే వరుసలో దాన్ని ఉంచాలి. ఆలోగా యజమాని మేలుకొని వద్దంటే వెనక్కి తీసుకోవచ్చు. ఇక కూర్పు సంఖ్యలోనూ ఒక గుర్తుంటుంది. సంరక్షకుడు చేసినది 1.2-3 అయితే చుట్టం చేసినది 1.2-3.1 అవుతుంది. చివరి చుక్క, ఆ పక్కనున్న ఒకటీ చూస్తే చాలు, ఈసారి వంట చేసింది ఇంటివారు కాదని తెలిసిపోతుంది. ఒక చుక్కలో ఇంత సభ్యత ఇమిడ్చినవారిని మెచ్చుకోకుండా ఉండలేను.

ఇలా చుట్టాలే మళ్ళీమళ్ళీ వచ్చి వండిపెట్టాల్సి వస్తోందంటే ఇంట్లో ఎవరూ లేరని అనుమానించాలి. అందుకూ వేరే ఏర్పాటుంది. పలకని సభ్యుల ఆచూకీ తీసే చిన్న బృందానికి ఎంఐఏ అని పేరు. యుద్ధంలో ఆచూకీ తెలియనివారికి సైన్యాలు వాడే మాటే అది. వారు మెల్లగా, ఒకటికి రెండుసార్లు రాసి కనుక్కుంటారు. మనిషి ఇక రాడని తేలితే అతని ప్యాకేజీలను అనాథలుగా ప్రకటిస్తారు. అప్పుడు సంరక్షకుడి పేరుండాల్సిన చోట నాణ్యతా బృందం పేరు చేరుతుంది. పని కోరుతున్న ప్యాకేజీల పట్టికలో ఒక్కో స్థితికి ఒక్కో పొట్టిపేరు: అనాథ అయినది, దత్తతకు ఇవ్వదలచినది, తోడు కోరుతున్నది, దత్తత తీసుకోబోతున్నది. దత్తత అన్న మాట వారే వాడారు, నేను కల్పించింది కాదు.

ఇన్ని ఉన్నా ఒక సందు మిగిలిపోయింది. మనిషి పూర్తిగా మాయం కాలేదు, వేరే పనులేవో చేస్తూనే ఉన్నాడు, ఈ ఒక్క ప్యాకేజీని మాత్రం పట్టించుకోవడం లేదు. అతణ్ణి ఆచూకీ లేనివాడు అనలేం. అడగకుండా ప్యాకేజీ లాక్కోవడం డెబియన్‌లో పెద్ద అపచారం. కొన్ని ప్యాకేజీలు ఏళ్ళ తరబడి అలాగే మూలుగుతూ పడివుండటానికి ఇదే కారణం. 2018లో దీనికీ ఒక పద్ధతి రాశారు. దాని పేరు సాల్వేజ్. మునిగిన ఓడ నుండి సరుకు బయటికి తీయడానికి నావికులు వాడే మాట. ప్యాకేజీ నిజంగా ఆలనాపాలనా లేక పడివుందని చూపాలి: జవాబు లేని దోషాల ఫిర్యాదులు, వరుసగా చుట్టాలు చేసిన మరమ్మతులు, మూలకర్తలు విడుదల చేసినా ఇక్కడికి చేరని కొత్త కూర్పులు వంటివి. నేను దీన్ని చేపట్టదలచాను అని ప్రకటించి 21 రోజులు ఆగాలి. ఆ తరువాత కూడా కొత్త కూర్పును కనీసం 7 రోజులు ఆలస్యపు వరుసలో ఉంచాలి. ఈలోగా పాత సంరక్షకుడు ఎప్పుడు వచ్చి వద్దన్నా ప్రయత్నం ఆగిపోతుంది. రేమండ్ ఇరవయ్యేళ్ళ కిందట చెప్పిన దండోరా, గడువు ఇక్కడ అంకెలతో సహా చట్టమయ్యాయి.

పైథాన్ భాషవారు కూడా అదే 2018లో తమ ప్యాకేజీ భాండాగారానికి ఇటువంటి నియమావళినే ఆమోదించారు. దాని సంఖ్య పెప్ 541. యజమాని అందుబాటులో లేడా, ఏడాదిగా కొత్త కూర్పు ఏదీ రాలేదా, ప్రాజెక్టు ఇంటిపుటలో అలికిడి లేదా అన్న మూడూ చూస్తారు. మూడూ నిజమైతేనే ఒక ప్యాకేజీని వదిలేసినదిగా భావిస్తారు. అంతవరకు బాగానే ఉంది. కాని డెబియన్‌కు ఉన్నట్టు ఒకరినొకరు ఎరిగిన సభ్యుల సంఘం అక్కడ లేదు. ఎవరైనా ఖాతా తెరిచి ప్యాకేజీ పెట్టవచ్చు. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి, ముందు ముందు అవసరపడుతుంది.

ఇక్కడ మన ముచ్చట ఒకటి చెప్పుకోకపోతే వెలితిగా ఉంటుంది. మీలో పాతకాపులకు ఫైర్‌ఫాక్స్ పొడిగింత పద్మ గుర్తుండే ఉంటుంది. మన పత్రికలు ఎవరి ఖతి వారు వాడుతూ, గూగులుకు అందని తెలుగులో వెలువడుతున్న రోజుల్లో, ఆ ఖతుల అక్షరాలను అక్కడికక్కడే యూనికోడులోకి మార్చి చూపించేది. 2017 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57 పాత నిర్మాణంలో ఉన్న పొడిగింతలన్నింటినీ ఒక్క వేటుతో ఆపేసింది. పద్మ రాసింది ఆ పాత నిర్మాణంలోనే. సంరక్షకుడు నిద్రపోకపోయినా కాళ్ళ కింద నేల కదిలితే ఇంతే. మొత్తం తిరగరాసే ఓపిక ఉన్నవాడి పేరే అప్పుడు సంరక్షకుడు. ఈలోగా పత్రికలే యూనికోడుకు మారడంతో ఆ లోటు మనకు పెద్దగా తెలియలేదు. అన్ని ప్యాకేజీలకూ అటువంటి అదృష్టం ఉండదు.

మళ్ళీ కథలోకి వస్తాను. అదే 2018లో జావాస్క్రిప్టు లోకంలో ఒకటి జరిగింది. ఈవెంట్-స్ట్రీమ్ అనే చిన్న ప్యాకేజీని డొమినిక్ టార్ అనే ఆయన ఏనాడో సరదాగా రాశాడు. వాడటం మానేసి కూడా ఏళ్ళయింది. దాన్ని మాత్రం లోకం వారానికి ఇరవై లక్షలసార్లకు దగ్గరగా దించుకుంటోంది. ఒక అపరిచితుడు నేను చూసుకుంటానని రాస్తే, టార్ తాళంచెవి ఇచ్చేశాడు. రేమండ్ చెప్పిన ఆఖరి బాధ్యతను అక్షరాలా నిర్వర్తించాడన్నమాట. కొత్త యజమాని సెప్టెంబరులో దానికి మరో చిన్న ప్యాకేజీని తగిలించాడు. దాని లోపల బిట్‌కాయిన్లు దాచుకునే కోపే అనే ఒక ఫలానా అనువర్తనాన్ని మాత్రమే గురిపెట్టిన దొంగకోడు ఉంది. అది నవంబరులో బయటపడింది. టార్ మీద జనం విరుచుకుపడ్డారు. ఆయన సమాధానం నాకు న్యాయంగానే తోచింది: దీనివల్ల తనకు వచ్చేది ఏమీ లేదు, తాను వాడటమూ లేదు, చేస్తానన్నవాడికి ఇచ్చాను అన్నాడు. ఆ ఇరవై లక్షల్లో ఎంతమంది అంతకుముందు ఆయన్ను పలకరించారు?

ఇక చివరిది, నాకు నిద్ర పట్టనివ్వనిది.

ఎక్స్‌జెడ్ అనేది ఫైళ్ళను కుదించే పనిముట్టు. దాదాపు ప్రతి లినక్స్ యంత్రంలోనూ ఉంటుంది. దాన్ని ఫిన్లాండుకు చెందిన లాసె కొల్లిన్ ఏళ్ళ తరబడి దాదాపు ఒంటిచేత్తో నడుపుకొచ్చాడు. 2021లో జియా తాన్ అనే పేరుతో ఒకరు చిన్నచిన్న మార్పులు పంపడం మొదలుపెట్టారు. మంచి మార్పులే. 2022 వేసవిలో ఇంకొన్ని కొత్త పేర్లు రంగంమీదికి వచ్చాయి. జిగర్ కుమార్ అని ఒకరు, డెనిస్ ఎన్స్ అని ఇంకొకరు. పంపిన మార్పులకు ఇంత ఆలస్యమా, సంరక్షకుడికి ఆసక్తి పోయినట్టుంది, కొత్త సంరక్షకుడు వస్తేకాని ఇది ముందుకు కదలదు, చేతకాకపోతే ఇంకొకరికి అప్పగించరాదా అన్నది వారి ఉత్తరాల సారాంశం. కొల్లిన్ మర్యాదగా జవాబిచ్చాడు. ఆసక్తి పోలేదని, చాలాకాలంగా ఉన్న మానసిక అనారోగ్యం వల్ల శక్తి చాలడం లేదని, ఇది డబ్బు రాని సరదా పని అన్న సంగతి గుర్తుంచుకోవాలని రాశాడు. జియా తాన్‌కు ముందుముందు పెద్ద పాత్ర ఉండవచ్చునని కూడా అన్నాడు.

అలాగే జరిగింది. 2023 మార్చి నాటికి విడుదలలు జియా తాన్ చేతిమీదుగా వెలువడుతున్నాయి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన 5.6.0లో, మార్చిలో వచ్చిన 5.6.1లో ఒక దొడ్డిదారి ఉంది. అందరూ చూసే కోడు భాండాగారంలో దాని పూర్తి ఆనవాలు లేదు. పరీక్షల కోసమని పెట్టిన ఫైళ్ళలో కొంత దాచి, దాన్ని తట్టిలేపే మీటను విడుదల కట్టలో మాత్రమే పెట్టారు. ఎక్కడో దూరాన ఉన్న యంత్రంలోకి ప్రవేశించడానికి వాడే ఎస్ఎస్‌హెచ్ సర్వరు కొన్ని పంపిణీలలో చుట్టుతిరుగుడుగా ఈ ఎక్స్‌జెడ్ లైబ్రరీని కూడా లోపలికి పిలుస్తుంది. సరైన రహస్యతాళం ఉన్నవాడు ఆ దారిన ఏ యంత్రంలోనైనా దూరి తన ఆజ్ఞలు నడిపించుకోవచ్చు. డెబియన్ పరీక్షా విభాగాల్లోకి, ఫెడోరా రాబోయే కూర్పులోకి అది చేరిపోయింది కూడా. డెబియన్ కట్టుకున్న ఆ మర్యాదల కోట దీన్ని ఆపలేదు. ఎందుకంటే లోపం డెబియన్ సంరక్షణలో లేదు, నీరు వచ్చే మూలంలోనే ఉంది.

పట్టుకున్నది పోస్ట్‌గ్రెస్ డేటాబేసు మీద పనిచేసే ఆండ్రెస్ ఫ్రాయిండ్. ఆయన వెతుకుతున్నది దొంగను కాదు. వేరే ఏదో వేగం కొలుస్తూ, లోపలికి ప్రవేశించడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తీగ లాగాడు. 2024 మార్చి 29న లోకానికి చెప్పాడు. స్థిరమైన కూర్పులకు పాకకముందే దొరికింది. జియా తాన్ ఎవరో తేలలేదు. జిగర్ కుమార్, డెనిస్ ఎన్స్ అనే పేర్లకు ఆ ఉత్తరాల బయట జాడ దొరకలేదు. అవి నాటకంలో భాగమేనని పరిశీలించినవారిలో చాలామంది నమ్ముతున్నారు.

నన్ను కలవరపెట్టింది ఆ దొడ్డిదారిలోని నేర్పరితనం కన్నా ఆ ఉత్తరాల్లోని భాష. ఎందుకంటే అది నాకు బాగా తెలిసిన భాష. ఏళ్ళ కిందట నేను ఒక చిన్న లిపిమార్పిడి పనిముట్టు వాడేవాణ్ణి. అందులో బండి ఱ సరిగా పడేది కాదు. నాకు తోచిన సవరణ చేసి దాని కర్తకు పంపాను. జవాబు లేదు. నెల తరువాత ఇంకొకటి రాశాను. మూడో ఉత్తరంలో, మీకు తీరిక లేకపోతే తీరిక ఉన్నవారికి అప్పగించవచ్చు కదా, వాడేవారి గోడు పట్టదా అని కాస్త ఘాటుగానే అడిగాను. తొమ్మిది నెలలకు రెండు పంక్తుల జవాబు వచ్చింది. ఇంట్లో ఒకరి ఆరోగ్యం బాగోలేదని, ఆలస్యానికి మన్నించమని. నా సవరణ చేర్చారు. నేను కృతజ్ఞతలు చెప్పి మరిచిపోయాను.

ఎక్స్‌జెడ్ వార్త చదివిన వారంలో పాత ఉత్తరాలు వెతికి నా మూడో ఉత్తరం తీసి చూశాను. జిగర్ కుమార్ సంతకం పెట్టినా ఎవరికీ అనుమానం రాదు. నేను నిజాయితీగానే రాశాను, వారు కపటంతో రాశారు. చదివే మనిషికి ఆ తేడా కనబడే వీలు లేదు. ముప్ఫై ఏళ్ళుగా మంచివాళ్ళు చేస్తూ వచ్చిన అదిలింపులన్నీ కలిసి ఒక వాడుక ఏర్పరిచాయి, దొంగలు ఆ వాడుకను అరువు తెచ్చుకున్నారు.

అప్పటినుండి డెబియన్‌వారి 21 రోజుల నియమాన్ని వేరే దృష్టితో చూస్తున్నాను. అంతకుముందు అది నాకు పాత సంరక్షకుడి గౌరవం కోసం పెట్టిన గడువుగా కనబడేది. ఇప్పుడు చూస్తే అందులో ఇంకో అంశం ఉంది. అడిగేవాడు నలుగురి ఎదుటా, సంఘానికి తెలిసిన ముఖంతో, ఈ ప్యాకేజీ ఫలానా ఫలానా విధాలుగా చెడిపోయి ఉంది అని రుజువులతో నిలబడాలి. మంచాన ఉన్న మనిషి చెవిలో ఒంటరిగా గొణిగి తాళంచెవి పట్టుకుపోవడం ఆ పద్ధతిలో కుదరదు. కొల్లిన్ దగ్గర అటువంటి సంఘమేదీ లేదు. అలసిన ఒక మనిషి, ఆయన్ను తొందరపెట్టే నాలుగు పేర్లు, ఆ పక్కనే సాయం చేస్తానంటూ ఓపికగా నవ్వుతున్న ఐదో పేరు, అంతే.

ఆ మార్చి చివరలో కొల్లిన్ అంతర్జాలానికి దూరంగా సెలవులో ఉన్నాడు. తిరిగివచ్చి, జియా తాన్ తాకిన ప్రతి ఫైలునూ పరిశీలించుకుంటూ కూర్చున్నాడు. దొడ్డిదారి తొలగించిన 5.6.2 మే నెలాఖరులో విడుదలైంది. సంరక్షకుడి స్థానంలో మళ్ళీ ఆయన పేరే ఉంది.